నా హస్తవాసి, పెరగని వైరస్

ముప్పై రెండేళ్లు కణాలకు తిండి పెట్టి రిటైరయ్యాను. మీ ఉద్యోగం ఏమిటని అడిగిన బంధువులకు ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. చెప్పినా, "ఓహో, కోళ్ల ఫారమా?" అన్నవాళ్లే ఎక్కువ. కరోనా వచ్చిపోయాక మాత్రం వైరస్ అనే మాట అందరి నోటా పడి, ఉద్యోగం చివరి రెండేళ్లలో నాకు కాస్త గౌరవం పెరిగింది. ఆ గౌరవం ఉన్న రోజుల్లోనే జరిగిన సంగతి ఇది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు చెబితే పనికొస్తుందని రాస్తున్నాను. రాయడం నాకు మాత్రం అంత సుఖంగా లేదు.

సికింద్రాబాద్‌లో ఒక పాత భవనం వెనకవైపు మా ల్యాబు ఉండేది. వైరస్ తనంతట తాను పెరగదు. దానికి బతికున్న కణం కావాలి. అందుకని మేము ఫ్లాస్కుల్లో కణాలను పెంచి, రోగుల ముక్కులోంచి, గొంతులోంచి తీసిన నమూనాలను వాటి మీద వదిలేవాళ్లం. మనుషుల ఫ్లూ వైరస్‌కి మేము వాడేది కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు. మనిషి జలుబుకి కుక్క మూత్రపిండం ఏమిటని నవ్వకండి, దానికి అవే ఇష్టం.

ఆ కణాలు పెంచే పనికి నేను పెద్ద టెక్నీషియన్ని. మన దగ్గర డాక్టర్లకు హస్తవాసి ఉంటుందంటారు చూడండి, మా ల్యాబుల్లోనూ ఆ నమ్మకం ఉంది. ఒకే సీసాలోని ద్రవం, ఒకే ఇంక్యుబేటర్, ఒకరు పోస్తే కణాలు కళకళలాడతాయి, ఇంకొకరు పోస్తే వడలిపోతాయి. సైన్సు చదువుకున్నవాళ్లం ఇలా అనుకోకూడదు, కానీ అనుకుంటాం. నా హస్తవాసి మంచిదని పేరు. కణాలు చచ్చిపోతున్నాయంటే ఇతర ల్యాబుల నుంచి కూడా నాకు ఫోన్లు వచ్చేవి. నేనూ వద్దనకుండా, కొంచెం మొహమాటం నటిస్తూ వెళ్లేవాణ్ణి.

నేను రిటైరవడానికి ఆరు నెలలుందనగా మా ల్యాబుకి ఫ్లూ పని అప్పగించారు. మెషీన్లో పాజిటివ్ వచ్చిన నమూనాల్లోని వైరస్‌ని బతికించి, పెంచి, పైల్యాబుకి పంపాలి. దానికోసం మూడు నెలల కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని తీసుకున్నారు. బోయిగూడ పిల్ల. మైక్రోబయాలజీ చదివింది. వాళ్లింట్లో ప్రభుత్వ భవనంలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషి తనేనట. రోజూ అందరికంటే పావుగంట ముందే వచ్చి, తెల్లకోటు వేసుకుని, బొత్తాలు పైదాకా పెట్టుకుని నిలబడేది.

ల్యాబుకి పెద్ద ఒక డాక్టరు మేడమ్. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పనిలో గట్టి మనిషి. నాతో పాటు ఇంకో సీనియర్ టెక్నీషియన్ ఉండేవాడు. సైన్యంలో మెడికల్ ల్యాబులో చేసి వచ్చినవాడు, సైనిక్‌పురిలో ఉండేవాడు. అతన్ని మేమందరం సుబేదార్ అనేవాళ్లం. ఈ నలుగురితోనే కథంతా.

పని ఇలా సాగేది. శనివారం ఆ అమ్మాయి ఫ్లాస్కుల్లోని కణాలను కడిగి, వాటి మీద నమూనాలు వేసి ఇంక్యుబేటర్లో పెట్టేది. బుధవారం తీసి చూసేవాళ్లం. వైరస్ పెరిగితే కణాలు చితికిపోయి, ఊడిపోయి తేలుతుంటాయి. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, మాకు మాత్రం అదే పండగ.

మొదటి బుధవారం కణాలు నిక్షేపంగా ఉన్నాయి. రెండో బుధవారం కూడా. మూడో వారం మేడమ్ పైల్యాబు నుంచి తెప్పించిన, కచ్చితంగా పెరుగుతుందని తెలిసిన వైరస్‌ని కూడా ఒక ఫ్లాస్కులో వేయించారు. అదీ పెరగలేదు. ఇక నమూనాల తప్పని అనడానికి లేదు. నీళ్లు మార్చారు. ఎంజైము సీసా మార్చారు. ఇంక్యుబేటర్ బాగుచేసేవాణ్ణి పిలిపించారు. అతను తలుపు రబ్బరు తుడిచి, టీ తాగి వెళ్లిపోయాడు. వస్తువులన్నీ మార్చాక మిగిలింది మనిషి.

ఏడో వారం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"సార్, జెర నా పక్కన నిలబడి చూడుండ్రి. నేను యాడ తప్పు చేస్తున్ననో నాకు సమజైతలేదు. రాత్రి పండుకున్నా గదే కలలకొస్తుంది."

శనివారం పక్కనే నిలబడి చూశాను. పిపెట్ పట్టుకున్న తీరు, కడిగిన తీరు, మూత పెట్టిన తీరు, ఒక్కటీ వంక పెట్టడానికి లేదు. నిజం చెప్పాలంటే ఆ వయసులో నా పని అంత శుభ్రంగా ఉండేది కాదు. అలాగని ఆ మాట చెప్పానా? లేదు. అంతా చూసి, పెద్దమనిషిలా తల పంకించి ఇలా అన్నాను.

"పని బాగానే ఉందమ్మా. కొందరి చెయ్యి కణాలకు పడదు, అంతే. నీ తప్పు కాదులే."

ఓదార్చాననే అనుకున్నాను. ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుంది. మర్నాడు కాక ఆ మర్నాడు మేడమ్ నన్ను పిలిచి ఆ అమ్మాయి పని ఎలా ఉందని అడిగితే అదే ముక్క అక్కడా చెప్పాను. ముప్పై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు ఆ ముక్క అంటే అది తీర్పవుతుందని నాకు తట్టలేదు. మేడమ్ అద్దాలు తీసి బల్లమీద పెట్టి, "మీరే అలా అంటే ఇంకేం చేస్తాం, నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. రెన్యూ చెయ్యను. ఈలోగా సుబేదార్ గారితో చేయించి చూద్దాం" అన్నారు.

ఇప్పుడు నా ఆదివారాల గురించి చెప్పాలి. మేము నేరేడ్‌మెట్‌లో ఉంటాం. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా ఆవిడ స్త్రీల కూటమికి ఉండిపోయేది. నేను స్కూటర్ మీద ల్యాబుకి వెళ్లి, ఇంక్యుబేటర్‌కి గ్యాసు అందుతోందా, ట్రేలో నీళ్లున్నాయా అని చూసి వచ్చేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా సంతకం లేదు. ఇరవయ్యేళ్ల అలవాటు. దాన్ని చూసే మేడమ్ నన్ను కొత్తవాళ్లకు ఆదర్శంగా చూపించేవారు.

వెళ్లినవాణ్ణి ఊరికే రాను కదా, ఫ్లాస్కులన్నీ మైక్రోస్కోపు కింద చూసేవాణ్ణి. ఈ ఫ్లూ ఫ్లాస్కుల్లోని కణాలు ఆదివారానికల్లా నీరసంగా, అంచులు ముడుచుకుని కనిపించేవి. వాటికి మామూలుగా దూడ రక్తం నుంచి తీసిన సీరం ఆహారం. దాంతోనే అవి ఒత్తుగా పెరుగుతాయి. ఈ కొత్త పద్ధతిలో ఆ అమ్మాయి సీరం అంతా కడిగేసి వాటిని పస్తు పెడుతోంది. నాకు ప్రాణం ఉసూరుమనేది. నేను పనిచేసిన పాత వైరస్‌లన్నింటికీ ఇన్‌ఫెక్షన్ పెట్టాక కూడా కొద్దిగా సీరం వేసేవాళ్లం, ఏమీ అయ్యేది కాదు. అందుకని ఒక్కో ఫ్లాస్కులో కాస్త సీరం వేసి, మూత బిగించి, మనసు చల్లబడి ఇంటికి వెళ్లి భోంచేసేవాణ్ణి. రిజిస్టర్లో రాయలేదు. ఇంటికొచ్చినవాళ్లకు ఇంత అన్నం పెట్టి ఎవరైనా పుస్తకంలో రాసుకుంటారా?

మేడమ్ కొత్త పద్ధతి మీద తొమ్మిది పేజీల కాగితాలు అందరికీ ఇచ్చారు. నేను రెండు పేజీలు చదివాను. మిగతావి తెలిసినవే అనుకున్నాను.

సుబేదార్ చేతికి పని వచ్చిన వారమే, శుక్రవారం నాకు జ్వరం తగిలింది. ఒళ్లంతా నొప్పులు, గొంతు మంట. ఇంటికి బయల్దేరుతుంటే ఆ అమ్మాయి అడ్డం వచ్చింది.

"సార్, ఒక్క నిమిషం. ముక్కుల సాంపిల్ తీసుకుంట. ఫ్లూ లెక్కనే కొడుతుంది మీకు."

ఫ్లాస్కులు ముట్టొద్దని చెప్పి తనను నమూనాలు నమోదు చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు అప్పటికే. అయినా నాకు కుర్చీ వేసి, జాగ్రత్తగా నమూనా తీసి, "మాత్రేసుకుని పండుకోండ్రి సార్, ఆదివారం గీదివారం అని రాకుండ్రి" అని చెప్పి పంపింది. ఆ మాట విన్నాను. వినకుండా వెళ్లే ఓపిక ఎలాగూ లేదు.

ఆదివారం మంచం మీద మూలుగుతుంటే మా ఆవిడ మిరియాల చారు తెచ్చి ఇచ్చింది. "వైరస్ పెరగట్లేదు, పెరగట్లేదు అని రెండు నెలల్నుంచి నా ప్రాణం తీశారు. ఇదిగో, పెరిగింది. సంతోషమేనా?" అంది.

బుధవారం మేడమ్ స్వయంగా ఫోన్ చేశారు. "అన్ని ఫ్లాస్కుల్లోనూ పెరిగిందండీ! తెలిసిన వైరస్ పెరిగింది, నమూనాలు పెరిగాయి, అన్నింటికంటే మీది బ్రహ్మాండంగా పెరిగింది. నలభై ఎనిమిది గంటలకే కణాలన్నీ సర్వనాశనం!" ఆ గొంతులో అంత ఆనందం నేనెప్పుడూ వినలేదు. నాకూ గర్వమనిపించింది. జ్వరంలో కూడా నా సరుకు మేలైందే. చివర్లో మేడమ్ గొంతు తగ్గించి, "పాపం ఆ పిల్ల. మీరు చెప్పిందే నిజమైంది, చెయ్యి తేడా. సోమవారం లెటర్ ఇచ్చేస్తాను" అన్నారు. పాపం అని నేనూ అన్నాను.

శుక్రవారం నీరసంగా ఉన్నా ల్యాబుకి వెళ్లాను. ఆ అమ్మాయి తన నోట్సు అంతా నాకు అప్పగించడానికి తెచ్చింది. ఎవరూ అడగలేదు, తన తర్వాత వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుందని తనే రాసి పెట్టింది. ఒక పేజీలో బొమ్మలు గీసుంది. ఒక గుండ్రటి వైరస్, దాని ఒంటినిండా కొక్కేలు, పక్కన ఒక కత్తెర.

"ఈ కత్తెరేంటమ్మా?" అని అడిగాను.

"గదే సార్ అసలు ముచ్చట. ఫ్లూ వైరస్ కణం దగ్గరికి పోతది, కొక్కెంతోని పట్టుకుంటది. కణం సుత దాన్ని ఒక సంచిల పెట్టుకుని లోపలికి గుంజుకుంటది. గని లోపలికి పోంగనే అయిపోదు. సంచి చింపుకుని బయట పడాలె కదా. కొక్కేన్ని ముందుగాల్నే ఒక్కతాన కట్ చేసి పెట్టకపోతే అది సంచి చింపలేదు, గండ్లనే పడి సస్తది. మన గొంతుల ఆ కట్ చేసే ఎంజైము మన ఒంట్లదే ఉంటది సార్. అంటే దొంగకి మనమే కత్తి నూరి ఇస్తున్నట్టు. ఫ్లాస్కుల ఆ ఎంజైము ఉండదు కాబట్టి మనం ట్రిప్సిన్ పోస్తం."

"మరి సీరం ఎందుకు కడిగేస్తావు?"

"సీరంల ట్రిప్సిన్‌ను పనిచెయ్యనియ్యని పదార్థాలు ఉంటయ్ సార్. జెరంత సీరం మిగిలినా కత్తెర మొద్దుబారుతది. అందుకే రెండుసార్లు కడుగుత. మూడోసారి సుత కడిగి చూసిన, అయినా పెరగలే." నోట్సు మూసేసి, "నా చెయ్యే అట్లున్నట్టుంది" అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. జ్వరం తగ్గలేదా సార్ అని అడిగితే అవునన్నాను. వైరస్ పెరిగిన వారం ల్యాబులో మారింది ఒకటి కాదు, రెండు. ఆ పిల్ల ఫ్లాస్కులు ముట్టలేదు, అది అందరికీ తెలుసు. నేను ఆదివారం రాలేదు, అది లెక్కలోకి తీసుకోవడానికి నేను వస్తున్నట్టే ఎక్కడా రాసి లేదు. ఏడు వారాలు ఆ పిల్ల శ్రద్ధగా కడిగిన సీరాన్ని ఏడు ఆదివారాలు నేను తీసుకెళ్లి మళ్లీ పోశాను. పైగా నీ చెయ్యి మంచిది కాదని చెప్పాను.

ఆ క్షణమే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రిటైర్మెంటుకి మూడు నెలలుంది. హస్తవాసి మంచివాడిగా దండలు వేయించుకుని వెళ్లిపోవాలని ఉంది. శనివారం కూడా నోరు మెదపలేదు. పైగా సుబేదార్ ఫ్లాస్కులు సర్దుతుంటే పక్కన నిలబడి సలహాలిచ్చాను. ఆదివారం పాస్టరు గారు ఏ వాక్యం మీద మాట్లాడారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆరాధన అయ్యాక ల్యాబుకి వెళ్లకుండా కూటమి అయ్యేదాకా చర్చి మెట్ల మీద కూర్చుంటే, మా ఆవిడ వచ్చి ఒంట్లో ఇంకా బాగాలేదా అని నుదురు పట్టి చూసింది. అప్పుడు తనకు చెప్పాను. తను ఒకటే అడిగింది, "రేపు లెటర్ ఎన్ని గంటలకు ఇస్తారు?"

సోమవారం తొమ్మిదింటికే మేడమ్ గదిలో నిలబడి అంతా చెప్పాను. మేడమ్ విన్నారు, లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ పిల్ల మీద మీకెంత అభిమానమండీ. మీ కెరీర్ చివర్లో తప్పు మీద వేసుకుని తనను కాపాడాలనుకుంటున్నారు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుంది?"

"కాదు మేడమ్, నేనే పోశాను."

"ముప్పై రెండేళ్లు కణాలు పెంచిన మీరు, ఫ్లూ ఫ్లాస్కులో సీరం పోస్తారా? నేను నమ్మను."

సుబేదార్‌కి చెబితే అతను ఏకంగా సెల్యూట్ కొట్టాడు. నిజం చెప్పి ఇంత గౌరవం పొందడం నా జీవితంలో అదే మొదటిసారి. నా పేరు ఎంత గట్టిదంటే, స్వయంగా నేనే కూలగొట్టబోయినా కూలట్లేదు. ఆ పేరు బరువంతా వెళ్లి ఆ పిల్ల నెత్తిన పడుతోంది.

చివరికి మేడమ్ కాళ్లా వేళ్లా పడి ఒక వారం లెటర్ ఆపించాను. శనివారం ఆ అమ్మాయే ఆరు ఫ్లాస్కులు పెట్టింది, తెలిసిన వైరస్‌తో. ఎందుకో తనకు చెప్పొద్దన్నాను. చెప్పే ధైర్యం నాకు లేక అలా అన్నాను. ఆదివారం సుబేదార్ని పక్కన నిలబెట్టుకుని మూడింట్లో ఎప్పట్లాగే సీరం వేశాను, మూడింటిని వదిలేశాను. చకచకా అయిపోయింది, అలవాటైన పని కదా.

బుధవారం, నెలాఖరుకి రెండు రోజుల ముందు, నలుగురం మైక్రోస్కోపు చుట్టూ నిలబడ్డాం. నేను వదిలేసిన మూడు ఫ్లాస్కుల్లో కణాలు చితికి తేలుతున్నాయి. నేను తిండి పెట్టిన మూడింట్లో నిండుగా, ఒత్తుగా, కడుపు నిండిన కణాలు. మేడమ్ ఒక్కో ఫ్లాస్కు రెండేసి సార్లు చూశారు. సుబేదార్ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఆ అమ్మాయికి నేనే చెప్పాల్సి వచ్చింది.

తను మైక్రోస్కోపులో చూసి, తల ఎత్తి అడిగింది.

"గీ ముచ్చట మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"నువ్వు కత్తెర బొమ్మ చూపించిన రోజు."

"శుక్రవారం. మరి సోమవారం దాకా ఎందుకు సప్పుడు చెయ్యలే?"

పరువు అనే మాట ఒకటుంది గానీ, ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ అది జవాబులా అనిపించలేదు.

మేడమ్ సర్దుబాటు చేయబోయారు. కాంట్రాక్టు రెన్యూ చేస్తానని అక్కడికక్కడే చెప్పారు. "ఆ ఏడు వారాల ఫలితాలకి ఎదురుగా, సాంకేతిక కారణాల వల్ల అని ఒక వాక్యం రాసేద్దాం. ఎవరి పేరూ వద్దు. మనమంతా ఒక కుటుంబం" అన్నారు.

పిల్లలూ, మీ ల్యాబులో ఏదైనా పాడైనప్పుడు నిర్లక్ష్యంగా చేసిన పనులనే వెతక్కండి. అవి ఎలాగూ బయటపడతాయి. ఎవరో ప్రేమతో చేసి, రాయకుండా వదిలేసిన పనిని వెతకండి. అది సీనియర్లు చేసిందైతే ఇంకొంచెం శ్రద్ధగా వెతకండి. నేను ఇంతవరకే చెప్పగలను. ఆ రోజు అసలు పాఠం చెప్పింది ఆ పిల్ల.

రిజిస్టర్ తెచ్చి బల్లమీద పరిచింది. ఏడు వారాలు, ఏడు వరసలు. ప్రతి వరసలోనూ ఫలితం గడిలో 'పెరగలేదు', చేసినవారి గడిలో తన పేరు.

"గీ ఏడుసార్లు నా పేరు రాసిన్రు గద మేడమ్. అప్పుడు సాంకేతిక కారణం ఎవ్వరికీ యాదికి రాలే," అని నా వైపు తిరిగింది. "మీరు సుత రాయుండ్రి సార్. ఏ ఆదివారం వచ్చిన్రు, ఏం పోసిన్రు, మీ పేరు. ఏడుసార్లు."

మేడమ్ ఏదో అనబోతే నేనే వద్దన్నాను. పెన్ను తీసుకుని రాశాను. ఆదివారం తేదీ, సీరం వేసితిని, పేరు, సంతకం. మూడో వరసకి చెయ్యి నొప్పెట్టింది, ఐదో వరస దగ్గర కళ్లు మసకబారాయి. తను పక్కనే నిలబడి ప్రతి అక్షరం చూసింది. రాయడం అయ్యాక రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, మొదటి వరస నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. వేలు ఒకచోట ఆగింది.

"ఐదో వారం సంతకం పెట్టలే సార్."

పెట్టాను.